మొదటి బండి మట్టి

కోకో గింజలు వెనక్కి వచ్చిన రోజు నేను ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. కొనే కంపెనీ మనిషి ఫోన్లో మర్యాదగానే చెప్పాడు. గింజ సైజు బాగుందండి, పులియబెట్టడం బాగుందండి, ఆరబెట్టడం బాగుందండి, కానీ పరీక్షలో కాడ్మియం అనే విషలోహం ఎక్కువ వచ్చిందండి, ఈసారికి తీసుకోలేమండి. అన్ని బాగుందండిలు విన్నాక చివర ఏదో ఉంటుందని నాకు ముందే తెలిసింది. పెళ్లి సంబంధం వద్దనుకున్నవాళ్లు కూడా ఇలాగే మాట్లాడతారు.

"మా మట్టిలోంచి రాదండీ అది. మీ గోనెసంచుల్లోంచి వచ్చుంటుంది" అన్నాను.

"మట్టి కూడా ఒకసారి చూపిస్తే మంచిదండి" అన్నాడు.

మా మట్టిని ఇంకొకరు చూడటమేమిటని ఆ రోజంతా కుతకుతలాడాను. మాది కొత్తపేటకీ పలివెలకీ మధ్య కాలువ గట్టున ఉన్న తోట. ఒకప్పుడు ఇది మా తోట అని చెప్పుకోవలసిన అవసరం ఉండేది కాదు. గట్టు మీద నిలబడి చూస్తే కనిపించినదంతా మాదే. పొలాలు మా తాతగారి కాలంలో కొన్ని, మా నాన్నగారి కాలంలో మిగతావి వెళ్లిపోయాయి. బియ్యం మిల్లు వెళ్లిపోయింది. ఎలా వెళ్లాయన్నది ఇక్కడ అప్రస్తుతం. నేను కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ కొత్తపేట బస్సులో ఎవరైనా లేచి సీటిస్తే కూర్చునేదాన్ని కాదు. ఇవ్వకపోతే గుర్తుపెట్టుకునేదాన్ని. మిగిలింది ఈ కొబ్బరితోట, కొబ్బరి నీడన నేను వేయించిన కోకో మొక్కలు, చెట్ల మధ్య కంద, బచ్చలి, అరటి. వీటన్నిటికంటే ముందు చెప్పవలసింది మొదటి బండి.

ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తారు. నీరు దిగిపోయాక అడుగున వెన్నలాంటి నల్లటి ఒండ్రు బయటపడుతుంది. కొబ్బరి మొదట్లో ఆ పూడిక మట్టి పోస్తే ఆ ఏటికి చెట్టుకి భోజనం పెట్టినట్టే అని మా వైపు నమ్మకం. మా తోట దగ్గర కాలువ ఒక మలుపు తిరుగుతుంది. మలుపులో నీరు నెమ్మదిస్తుంది, నెమ్మదించిన చోట ఒండ్రు పడుతుంది. ఆ మలుపుకి స్థలం వదిలిపెట్టింది మా ముత్తాతగారు. అందుకని అక్కడ తీసిన పూడికలో మొదటి బండి మా తోటకి వస్తుంది. అది మా తోటలో తిరగబడేదాకా మిగతా తోటలవాళ్లెవరూ తట్ట ఎత్తరు. ఇది ఎక్కడా రాసి లేదు. రాయవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. ఎడ్లబండి పోయి ట్రాక్టరు వచ్చింది, పారలు పోయి జేసీబీ వచ్చింది. అయినా అందరూ 'మొదటి బండి' అనే అంటారు. చక్రానికి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టి ఆ బండిని లోపలికి తీసుకురావడం మాకు పొలాలున్నప్పుడూ జరిగింది, పోయాకా జరిగింది.

మా నాన్నగారు పోయిన ఏడు మా చిన్నాన్నగారి కొడుకు ఆ హక్కు మగసంతానానికి రావాలని ఒక వాదన తీశాడు. అతని తోట కాలువకి అవతలి గట్టున ఉంది. పదిమందిలో నేను ఒకటే అన్నాను. "నీ మీసం చూసి నీళ్లు ఇటు తిరగలేదురా, ముత్తాతగారి స్థలం చూసి తిరిగాయి. ఆ స్థలం పక్కనున్న తోట నాది." అప్పటినుంచీ ఎదురుపడితే అతను సెల్‌ఫోన్ చూసుకుంటాడు, నేను కొబ్బరి మొవ్వులు చూస్తాను.

చివరికి నేను ఒప్పుకుంటే, పలివెల తీర్థం అయిపోయిన కొద్ది రోజులకి మట్టి నమూనాలు తీయడానికి ల్యాబు నుంచి ఒకామె స్కూటీ మీద వచ్చింది. ముప్ఫయి దాటి ఉంటాయి. నువ్వు అనాలో మీరు అనాలో తేలక మీరుతోనే మొదలుపెట్టాను.

"మీదే ఊరు?"

"ఈ ఊరేనండి. చర్చి వెనక వీధి. మా మామ్మ మీ తోటలో మట్టి మోసేదండి."

నేను "అలాగా" అన్నాను. ఆమె సంచిలోంచి ప్లాస్టిక్ కవర్లు తీస్తూ నవ్వింది. "ఆవిడ తెచ్చి పోసిన మట్టిని నేను పట్టుకుపోతున్నానండి. ఆవిడ తట్టతోటి, నేను కవరుతోటి."

తోటంతా తిప్పి చూపించాను. ఆమె చెట్ల మొదట్లో కొంచెం, ఎప్పుడూ ఒండ్రు పోయని కంచె పక్కన కొంచెం తీసుకుంది. వెళ్లిపోతుంటే నేనే పిలిచి ఈశాన్యం మూలకి తీసుకెళ్లాను. మొదటి బండి ఎప్పుడూ అక్కడే పడుతుంది. ఆ మూల కంద దురద పెట్టదని ఊళ్లో పేరు. "ఇక్కడ తియ్యండి. మా మట్టి అంటే ఇది" అన్నాను. ఆమె అక్కడా తీసుకుంది.

తరవాత టీ తెచ్చి ఇచ్చాను. మా నాయనమ్మ రోజుల్లో ఆ వీధివాళ్లకి గ్లాసులు వేరే ఉండేవి, చూరు కింద బోర్లించి. ఆ సంగతి ఆమెకీ తెలుసు, ఆమెకి తెలుసని నాకూ తెలుసు. నేను మా అమ్మగారి పింగాణీ కప్పులు తీశాను. ఆమె కప్పుని వెలుతురుకి ఎత్తి లోపలి పువ్వులకేసి చూసింది.

"ఏం, బాగోలేదా?" అన్నాను.

"చాలా బాగుందండి. పాత కప్పులు గదండీ, లోపల రంగు పువ్వులున్నవాటిల్లో వేడివి పోసుకోకండి. ఆ రంగుల్లో సీసం ఉండొచ్చు."

"మరి నువ్వు తాగవా?" 'మీరు' అక్కడ జారిపోయింది.

"ఒక్కసారికి నాకేం కాదండి. రోజూ తాగేది మీరు గదా" అని ఊదుకుంటూ తాగేసింది.

ఆమె అంతకుముందు కొన్నాళ్లు నీలగిరుల్లో టీ తోటల మట్టి పరీక్షలు చేసిందట. టీ మొక్కకి పుల్లమట్టి కావాలట. ఏటేటా ఎరువులు పోసేకొద్దీ మట్టి ఇంకా పులుస్తుందట. పులిసిన మట్టి తనలో ఉన్న లోహాలని పట్టి ఉంచుకోలేక వేళ్లకి వదిలేస్తుందట. రోడ్డు పక్క పొదల ఆకుల మీద దుమ్ముతో పాటు సీసం కూడా వచ్చి కూర్చుంటుందని చెప్పింది.

"మన మట్టి పుల్లది కాదు కదా" అన్నాను.

"కాదండి. కానీ కోకో మొక్కకి ఆ పులుపు అక్కర్లేదు, కాడ్మియం మట్టిలో ఉంటే చాలు, లాగి గింజలో పెట్టుకుంటుంది." ఖాళీ కప్పు అరుగు మీద పెట్టింది. "అక్కడ తోటలవాళ్లు కూడా మీలాగే అనేవారండి. మా మట్టిలోంచి రాదు అని. ఎక్కడికెళ్లినా మొదటి మాట అదేనండి."

నేను కంపెనీ మనిషితో ఆ మాట అన్నట్టు ఈమెకెలా తెలిసిందని ఆలోచించాను. తెలియదు. ఊరికే అంది.

నమూనాలు గోదావరి దాటి, జొన్నాడ దాటి ల్యాబుకి వెళ్లాయి. ఫలితం వచ్చేసరికి ఎండలు ముదిరాయి. ఆమె మళ్లీ స్కూటీ మీద తనే వచ్చింది.

"ఫోన్లో చెప్పొచ్చండి. మీకు ఫోన్లో చెప్పడం బాగోదనిపించింది."

నేను నిలబడే ఉన్నాను. కూర్చోమంది. కూర్చోలేదు.

"కంచె పక్కన, ఒండ్రు పోయని చోట, మట్టి మామూలుగానే ఉందండి. పోసిన చోటల్లా సీసం, కాడ్మియం ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువ ఉన్నది మీరు చూపించిన మూల."

"అది మొదటి బండి పడే మూల."

"ఆయ్. మలుపులో పైపైన పేరుకున్న మెత్తటి ఒండ్రు గదండీ మొదట తీసేది. మెత్తటి మట్టికే లోహం ఎక్కువ అంటుకుంటుంది."

అంటే ఇన్నేళ్లూ గౌరవంగా మాకు వచ్చింది అందులోకెల్లా చెడ్డ మట్టి అన్నమాట. ఎక్కణ్ణుంచి వస్తోందని అడిగాను. పైన కాలువ పొడుగునా ఏమున్నాయో నాకూ తెలుసు. పాత బ్యాటరీలు విప్పే షెడ్లు, రంగులు వేసే షెడ్లు, వచ్చి కలిసే మురుగు. పైగా పొలాల్లో పోసే ఎరువులు. ఏదో ఒకదాని మీద వేలు పెట్టలేనని ఆమె చెప్పింది. పెట్టగలిగితే బాగుండునని నాకనిపించింది. తిట్టుకోవడానికి ఒక పేరు దొరికేది.

"కొబ్బరికాయ?"

"విడిగా పరీక్ష చేయించాలండి. తెలియకుండా మంచిదనీ చెప్పను, చెడ్డదనీ చెప్పను. ఆ మూల కంద మాత్రం తినకండి. ఆకుకూరలూ వద్దు."

ఏటా కార్తీకంలో ఆ మూల కంద తవ్వించి ఊళ్లో ఇళ్లకి పంపడం మా ఇంటి పద్ధతి. పొలాలు పోయాక కూడా అది మానలేదు. శుభకార్యాల్లో కంద బచ్చలి కూర వండితే కంద మా ఇంటినుంచే వెళ్లాలి. మనసులో ఆ ఇళ్లన్నీ ఒకదాని తరవాత ఒకటి కనబడుతూ ఉంటే ఆమె నెమ్మదిగా అంది.

"మా ఇంటికీ వచ్చేదండి, క్రిస్మస్ ముందు. ఎంత మెత్తగా ఉడికేదో."

అందులో నిష్ఠూరం లేదు. ఉంటే నేను తేలిగ్గా తట్టుకునేదాన్ని.

"తిన్నవాళ్లకి ఏమవుతుంది?"

"భయపడి పరిగెత్తక్కర్లేదండి. ఇది పాములాగ కరవదు. కొంచెం కొంచెం ఒంట్లో చేరి ఉండిపోతుంది. అందుకనే ఇంక చేర్చకూడదు." స్కూటీ స్టాండు తీస్తూ ఆగింది. "ఈ ఏడు పూడిక ఎప్పుడు తీస్తారండి?"

"కాలువ కట్టేయగానే. మొదటి బండి మాదే."

ఆమె తల ఊపి వెళ్లిపోయింది. నన్ను ఇది చెయ్యమనీ అనలేదు, అది మానమనీ అనలేదు.

అప్పటినుంచి నాకు కాలు నిలవలేదు. కుర్చీలో కూర్చుంటే తోటలోకి వెళ్లాలనిపించేది. వెళితే వెంటనే వచ్చి చేతులు కడుక్కోవాలనిపించేది. గుమ్మంలో చెప్పులు విడిచి, మళ్లీ తొడుక్కుని, చెప్పుల కింద అంటిన మట్టిని పుల్లతో గోకి, ఆ పుల్లని ఎక్కడ పారెయ్యాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడేదాన్ని. అన్నంలో కూర కలుపుకుంటూ ఈ కాయ ఏ పాదుదని చూసేదాన్ని. పువ్వుల కప్పులు బీరువా పైఅరలో పెట్టి, స్టీలు గ్లాసులో టీ తాగడం మొదలుపెట్టాను. అదీ రుచించలేదు.

తోట చూసే అతను రెండు మూడు రోజులు గమనించి అడిగాడు. "అమ్మగారండీ, తోటలో ఏదన్నా పారేసుకున్నారాండీ?"

"లేదు."

"వెతుకుతున్నట్టు తిరుగుతున్నారు గదండీ, అందుకని. దొరికితే నాకూ చెప్పండి, నేనూ ఊరికే వెతికేస్తున్నాను."

నేను తిరుగుతున్నది ఒక్క విషయం చుట్టూనే. బండి వద్దని ఊరుకుంటే సరిపోదు. నేను వద్దంటే ఆ గౌరవం అవతలి గట్టుకి వెళుతుంది. మా చిన్నాన్నగారి కొడుకు బాజాలు పెట్టించి మరీ మొదటి బండి తన తోటలో తిరగేయిస్తాడు. ఆ వెంటనే మలుపు మీద ఆధారపడ్డ తోటలన్నిటికీ, పెరళ్లన్నిటికీ ఆ మట్టి వెళుతుంది. అలా జరక్కూడదంటే కారణం చెప్పాలి. కారణం చెప్పడమంటే మా తోట మట్టి చెడిపోయిందని నా నోటితో నేను చెప్పడం. పడిపోయిన ఇంటికి ఇంకా పరువేమిటని అడిగేవాళ్లుంటారు. నిలబడ్డ ఇంటికి గోడలుంటాయి. పడిపోయిన ఇంటికి పరువు ఒక్కటే ఉంటుంది. దాన్ని కూడా నేనే తీసి గట్టు మీద పెట్టాలి.

ముందు సగం ధైర్యమే వచ్చింది. కాలువ కట్టేశాక, ఈ ఏడు మాకు మట్టి వద్దని ట్రాక్టరు డ్రైవరుతో చెప్పి పంపాను. కారణం చెప్పలేదు. ఆ సాయంత్రమే మోటారు సైకిలు వచ్చి మా గేటు ముందు ఆగింది. ఇన్నేళ్ల తరవాత మా చిన్నాన్నగారి కొడుకు నా మొహం చూసి మాట్లాడాడు.

"ఏంటక్కగారూ, మొదటి బండి వద్దన్నారంట. ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉంది."

"తోట గానీ అమ్మేస్తున్నారా?"

"అమ్మను."

"పోన్లెండి. ఇన్నాళ్లకి న్యాయం నడిచొచ్చింది. రేపు పొద్దున్న మా తోటకి తోలిస్తున్నాను. బాజాలవాళ్లకి చెప్పేను. మీరూ రండి, పెద్దవారు, అక్షింతలు వేద్దురుగాని."

"నువ్వూ తోలించకు."

అతను నవ్వాడు. "అదీ సంగతి. తను తినదు, ఒకళ్లని తిననివ్వదు."

"ఆ మట్టిలో సీసం ఉంది. ఇంకేదో కూడా ఉంది. నా తోటలో చేరింది. పరీక్ష చేయించాను."

నా తోటలో అన్న మాట పైకి అనడం అదే మొదటిసారి.

"ఎవరు చెప్పేరు? చర్చి వీధి అమ్మాయా? నిన్నటిదాకా మన మట్టి మోసినోళ్లు ఇవాళ మన మట్టికి వంకలు పెడతన్నారా?"

దాపరికం ఎందుకు, ఆమె మొదటిసారి వచ్చినప్పుడు నాకూ అలాంటి మాటే ఒకటి మనసులో మెదిలింది. అతని నోట వింటే మా ఇంటి పాతగదుల ముక్కవాసన కొట్టింది.

"ఆ పిల్ల చదువుకుందిరా. నువ్వూ నేనూ మన తాతల పేర్లు చదువుకున్నాం" అన్నాను.

"నా మీద ఇంత ప్రేమ ఎప్పణ్ణుంచండీ?"

"నీ మీద కాదు. నీ తోటలో బండి పడగానే ఊరంతా తట్టలెత్తుతారు."

"ఎత్తుతారు. ఇన్నాళ్లూ మీ తోటలో పడితే ఎత్తలేదా?"

అతను బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు.

తెల్లవారాక కాఫీ కూడా తాగకుండా గట్టుకి వెళ్లాను. జేసీబీ మలుపులో దిగి ఉంది. ట్రాక్టరు తొట్టి నిండి ఉంది, పైన ఒండ్రు తడిగా మెరుస్తోంది. చక్రానికి పసుపు రాసి ఉంది. డోలూ సన్నాయీ పట్టుకున్నవాళ్లు కొబ్బరి నీడన చుట్టలు కాల్చుకుంటున్నారు. తోటలవాళ్లు, పెరటి మొక్కలకి రెండు తట్టలు పట్టుకుపోదామని వచ్చిన ఆడవాళ్లు, ఆటో ట్రాలీ తెచ్చుకున్నవాళ్లు గట్టు పొడుగునా నిలబడి ఉన్నారు. అతను తెల్లపంచె కట్టుకుని చేతిలో కొబ్బరికాయతో ఉన్నాడు. అతని భార్య పళ్లెం పట్టుకుని వెనక నిలబడింది.

నేను ట్రాక్టరు ముందుకి వెళ్లి నిలబడ్డాను.

"మొదటి బండి నాది" అన్నాను.

అతను కొబ్బరికాయ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"వద్దన్నారు కదండీ."

"డ్రైవరుతో అన్నాను. పదిమందిలో అనలేదు. హక్కు వదులుకోవడానికి ఒక పద్ధతుంది. నేను వదులుకోలేదు."

"అయితే తోలించుకోండి. ఎవరొద్దన్నారు?"

"తోలించను. మా బండి తోటలో పడేదాకా ఎవరూ తట్ట ఎత్తకూడదు. ఈ ఏడు పడదు."

గొడవ పడతాడనుకున్నాను. నన్ను పక్కకి తొయ్యమని డ్రైవరుతో అంటే నేను ఆపగలిగేదేమీ లేదు. కానీ ఈ ఆచారం మీద ఊళ్లో నాకంటే ఎక్కువ నమ్మకం ఉన్నవాడు అతనే. దాన్ని ఇవాళ తనే కాలదన్నితే ఇన్నేళ్లూ నాతో దేనికోసం పోట్లాడాడో అది ఒట్టిదైపోతుంది. అతని మొహంలో ఆ లెక్క నడవడం నాకు కనబడింది. మేమిద్దరం ఒక ఇంటివాళ్లమే కదా.

డోలు అతను మెల్లిగా అడిగాడు. "మమ్మల్ని వాయించమంటారా, ఉండమంటారా అండీ?"

"ఉండు నువ్వు" అన్నాడు మా చిన్నాన్నగారి కొడుకు.

అప్పుడు వెనకనుంచి ఒకామె, తట్ట నడుముకి ఆన్చుకుని, "అమ్మగారండీ, మరి ఎందుకో చెప్పండి. మేం పనులు మానుకుని వచ్చేం" అంది.

ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. క్లాసులో చెప్పినట్టే చెప్పాను, గొంతు పెంచకుండా. ఈ మలుపు మట్టివల్ల నా తోటలో సీసం, కాడ్మియం చేరాయని, నా కోకో గింజలు వెనక్కి వచ్చాయని, అన్నిటికంటే చెడ్డది మా ఈశాన్యం మూల అని. కార్తీకంలో వాళ్ల ఇళ్లకి పంపిన కంద ఆ మూలదేనని కూడా చెప్పాను. ఆ చివరి మాట ట్రాక్టరు చక్రం కేసి చూస్తూ చెప్పాను. ఎవరూ గమనించలేదనుకుంటాను. గమనించినా మా వైపు జనం ఎదురుగా అనరు.

తరవాత ఒక ముసలాయన, "ఎంత మంచి కందండీ అది" అన్నాడు, పోయినవాళ్ల గురించి చెప్పుకున్నట్టు. ఇంకెవరో, "మరి మా తోటల్లోనూ ఉన్నట్టేనా అండీ?" అన్నారు. పరీక్ష చేస్తే గానీ తెలియదన్నాను. ఆటో ట్రాలీ తెచ్చినతను, "తెలిస్తే ఏం చేస్తామండీ, తెలియకపోతేనే నయం" అని బండి తిప్పుకున్నాడు. కొందరు నవ్వారు. తట్ట పట్టుకున్న ఆమె నవ్వలేదు.

పూడిక తీయించే కాంట్రాక్టరు మనిషి నా దగ్గరికి వచ్చి, "మరి దీన్ని ఎక్కడ పొయ్యమంటారండీ? తియ్యకపోతే నీరు పారదు, తీస్తే ఎవరూ పట్టుకెళ్లరు" అన్నాడు. నాకు తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు. ఆ తొట్టి మట్టిని గట్టు మీదే ఒక పక్కగా గుమ్మరించి, పైన పరదా కప్పించాను. మిగతాది మలుపులోనే ఉంది. వాన వస్తే ఎటు పోతుందోనని మబ్బు పట్టినప్పుడల్లా గుమ్మంలోకి వచ్చి చూస్తున్నాను. నేను వచ్చేశాక ఇద్దరు ముగ్గురు మలుపులో దిగి తట్టలెత్తారని తోట చూసే అతను చెప్పాడు. అందర్నీ ఆపగలిగే మాట నా దగ్గర లేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మా చిన్నాన్నగారి కొడుకు భార్య పెరటి దారిన వచ్చింది. ఆమె మా ఇంట్లో అడుగుపెట్టి ఎన్నేళ్లయిందో ఇద్దరమూ అనుకోలేదు. కొంగు కింద ఏదో దాచుకుంది.

"వదినగారండీ, ఆయన పంపలేదు. నేనే వచ్చేను" అంది.

కొంగు తీస్తే గోడలకి వేసే రంగు డబ్బా. దాన్నిండా మట్టి.

"మాది కూడా ఆ అమ్మాయికి ఇప్పిస్తారా? కోడలు నెల తప్పింది. రోజూ మా పెరటి బచ్చలే వండుతున్నాం."

నేను డబ్బా తీసుకుని లోపలికి చూశాను. అంచున ఇంకా ఆకుపచ్చ రంగు అంటుకుని ఉంది.

"రంగు డబ్బాలో తెస్తే పనికిరాదమ్మా. ఆ రంగులో ఏముందో ఎవరికి తెలుసు? మట్టిదేదో డబ్బాదేదో తేలదు."

"శుభ్రంగా కడిగేనండీ."

"కడిగితే పోయేదైతే నేనీపాటికి తోటంతా కడిగేసి ఉందును."

ఆమెకి నవ్వు వచ్చింది, వెంటనే కళ్లు తుడుచుకుంది. మళ్లీ తవ్వి తెమ్మంటే తెస్తుంది. కానీ పైపైన తీస్తుందో లోపల తీస్తుందో, ఇనప పార వాడుతుందో. చర్చి వీధి ఆమె తవ్వే పద్ధతి నేను దగ్గరుండి చూశాను. కొత్త కవరు ఒకటి, ప్లాస్టిక్ గరిట ఒకటి తీసుకుని బయలుదేరాను. "మీరు వస్తారా?" అంది. నేను అప్పటికే గేటు దాటాను.

వంతెన మీదుగా అవతలి గట్టుకి వెళ్లి వాళ్ల తోటలోకి నడిచాను. అతను వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి సెల్‌ఫోన్ తీశాడు. నేను బచ్చలి పందిరి దగ్గర వంగి, పై మట్టి పక్కకి తోసి, గరిట దించబోయాను.

"అక్కడ కాదు" అన్నాడు, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

ఆగాను.

"మీది పడ్డాక రెండో బండి ఎప్పుడూ మాకే వచ్చేది. అదిగో, ఆ కంద మొక్కల దగ్గర పోయించేవాణ్ణి. అక్కడ తియ్యండి."

అతను చూపించిన చోటికి వెళ్లాను. అక్కడి కంద ఏపుగా, మా మూల కందకి ఏమీ తీసిపోకుండా ఉంది. ఆ మట్టి కవరులోకి ఎత్తి మూతి కట్టాను. ఎండ బాగా ఉంది. అతని భార్య మంచినీళ్లు తెచ్చింది, తాగాను. అక్కణ్ణుంచి నేరుగా చర్చి వెనక వీధికి నడిచి వెళ్లి, ఆ అమ్మాయి ఇల్లు ఏదని అడిగి, కవరు ఆమె చేతికే ఇచ్చాను.

ఫలితం ఇంకా రాలేదు. మా చిన్నాన్నగారి కొడుకు భార్య రోజూ పొద్దున్నే వదినగారండీ అంటూ పెరటి దారిన వచ్చి, ఏమన్నా తెలిసిందా అని అడిగి వెళుతోంది. బచ్చలి మానేశారట. పందిరి మీది తీగ మాత్రం కోసెయ్యడానికి ఆమెకి చేతులు రావట్లేదు.